మాత్రలు లేకుండా బీపీ తగ్గించుకోవచ్చా? 148/94 వచ్చిన ఉపాధ్యాయుడి ప్రశ్నకు సమాధానం

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ వయసు 44, విజయనగరంలో ఉపాధ్యాయులు, సొంత ఊరు కవిటి మండలంలో ఉంది. పాఠశాలలో పెట్టిన వైద్య శిబిరంలో బీపీ 148/94 వచ్చింది, వారం తర్వాత ఒక క్లినిక్‌లో చూపించుకుంటే 152/96 వచ్చింది. షుగరు లేదు. బరువు 78 కిలోలు, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. మాత్ర మొదలుపెడితే ఇక జీవితాంతం వదలదని భయపడుతున్నారు. లో సోడియం ఉప్పు వాడుతూ రోజూ రెండు కొబ్బరి బొండాలు తాగితే చాలని తోటి ఉపాధ్యాయులు చెప్పారు. ఊళ్ళో ఉంటున్న మీ అమ్మగారు కూడా బీపీ మాత్రలు మానేసి ఇదే దారి పట్టవచ్చా అని చివర్లో అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీ విషయంలో అవును, మీ అమ్మగారి విషయంలో కాదు. పై అంకె 140కీ 159కీ మధ్య, కింది అంకె 90కీ 99కీ మధ్య ఉండి, షుగరు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు లేనివారికి మూడు నెలల నుంచి ఆరు నెలల వరకు ఆహారం, బరువు, వ్యాయామం వంటి మార్పులతో ప్రయత్నించే అవకాశం ఉంటుంది. నిజాయితీగా పాటించినవారిలో చాలామందికి 10 నుంచి 15 పాయింట్లు తగ్గడం నేను చూశాను. అయితే మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టినది మీ బీపీ అంకె కాదు. కవిటి అన్న ఊరి పేరూ, లో సోడియం ఉప్పూ, కొబ్బరినీళ్ళూ ఒకే పేరాలో కనిపించడం. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష ఫలితం చేతికి వచ్చేదాకా ఆ ఉప్పు ప్యాకెట్ తెరవకండి, బొండాలు మొదలుపెట్టకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను శ్రీకాకుళం జిల్లాలో చాలా ఏళ్ళుగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో టెక్కలి, పలాస, సోంపేట వైపు నుంచి వచ్చేవారు ఎక్కువ, విజయనగరం, రాజాం వైపు నుంచీ కొందరు వస్తారు. ఇక్కడ రాస్తున్నది వాళ్ళకు రోజూ చెప్పేదే.

మొదట, మీకు నిజంగా బీపీ ఉందో లేదో తేల్చుకోవాలి. వైద్య శిబిరంలో వరుసలో నిలబడి, పక్కవారితో మాట్లాడుతూ, కుర్చీలో కూర్చున్న అర నిమిషానికే చెయ్యి చాపితే వచ్చే అంకెను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. మాట్లాడుతూ ఉంటే పై అంకె సుమారు పది పాయింట్లు పెరగవచ్చు. మూత్రం ఆపుకుని కూర్చున్నా, చేతికి ఆనిక లేకుండా గాలిలో చాపినా, లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంకె ఎక్కువే చూపిస్తుంది. అందువల్ల మణికట్టుకు కట్టే యంత్రం కాకుండా, మోచేతికి పైన పట్టీ చుట్టే డిజిటల్ యంత్రం ఒకటి కొనుక్కోండి. టీ, కాఫీ, సిగరెట్ ముట్టుకుని అరగంట దాటాలి. మూత్రవిసర్జన చేసి వచ్చి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలమీద ఉంచి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద పెట్టుకుని, అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోండి. తర్వాత నిమిషం తేడాతో రెండుసార్లు కొలవండి. ఉదయం, సాయంత్రం ఇలా ఏడు రోజులు చేసి, మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగిలినవాటి సగటు తీయండి. ఇంట్లో కొలిచినప్పుడు హద్దు 135/85. సగటు దానికి తక్కువగా ఉంటే మీకు ఇప్పటికి మాత్ర అవసరం లేదు. డాక్టరును చూడగానే పెరిగే బీపీ మాత్రమే అది కావచ్చు, అయినా ఏటా గమనిస్తూ ఉండాలి. చొక్కా చెయ్యి పైకి బిగించి మడిచి, ఆ మడత కిందనే పట్టీ కట్టేవాళ్ళు నాకు తరచూ కనిపిస్తారు. చొక్కా విప్పడానికి మొహమాటపడకండి.

ఇక కిడ్నీల సంగతి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరుగానీ బీపీగానీ లేనివారికి కూడా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వస్తోందన్న విషయం మీకు నేను చెప్పనక్కరలేదు, ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో పుట్టినవారికి అది ఇంటింటి కథ. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది కూడా ఈ సమస్య తీవ్రత వల్లనే. ఈ రకం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకపోవచ్చు, మొదట్లో బాధలేవీ ఉండకపోవచ్చు, కాబట్టి మూత్రపరీక్ష బాగుందని ధీమా పడడానికి వీల్లేదు. రక్తంలో క్రియాటినిన్ చూసి, వయసుతో కలిపి కిడ్నీల పనితీరు అంచనా కట్టాలి. బీపీ పెరిగి కిడ్నీలు పాడవడం అందరికీ తెలుసు. కిడ్నీలు పాడవుతున్నందువల్ల బీపీ పెరగడం కూడా అంతే సాధారణమైన విషయం. రెండో దారిలో వచ్చిన బీపీకి వ్యాయామం, ఆహారం చాలవు, కిడ్నీలను కాపాడే మందు కూడా కావాలి. మీరు విజయనగరంలో స్థిరపడి ఎన్నేళ్ళయినా బాల్యమంతా ఉద్దానంలో గడిచింది కనుక ఈ పరీక్షను వాయిదా వేయకండి. క్రియాటినిన్‌తో పాటు పొటాషియం, షుగరు, కొలెస్టరాల్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, ఒక ఈసీజీ తీయించుకుంటే సరిపోతుంది.

లో సోడియం ఉప్పు అంటే ఏమిటంటే, మామూలు ఉప్పులో కొంత భాగం సోడియం క్లోరైడ్ తీసి, ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఇది చెడ్డ వస్తువు కాదు. చైనాలో 600 గ్రామాల్లో, సుమారు 21 వేలమందితో చేసి 2021లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, మూడు వంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం ఉప్పు కలిపి వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో ఇటువంటి ఉప్పును పెద్దవాళ్ళకు సూచించింది, అయితే కిడ్నీ పనితీరు తగ్గినవారికీ గర్భిణులకూ పిల్లలకూ ఆ సూచన వర్తించదని స్పష్టంగా చెప్పింది. ఎందుకంటే ఒంట్లో మిగిలిన పొటాషియంను బయటికి పంపేది కిడ్నీయే. అది నీరసించినప్పుడు పొటాషియం రక్తంలో పేరుకుంటుంది, హెచ్చుమీరితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొబ్బరినీళ్ళదీ ఇదే లెక్క. వంద మిల్లీలీటర్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, ఒక్క బొండం తాగితే అయిదారు వందల మిల్లీగ్రాములు లోపలికి వెళ్తాయి. కిడ్నీలు బాగున్నవాడికి అది మేలు చేస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాడికి, అదీ కొబ్బరితోటల మధ్య బతికే ఉద్దానం మనిషికి, చేతికందే దూరంలోనే ప్రమాదం వేలాడుతూ ఉన్నట్టు.

సోంపేట వైపు నుంచి యాభై దాటిన రైతు ఒకరు కాళ్ళు లాగేస్తున్నాయని, నాలుగడుగులు వేస్తే కూలబడిపోతున్నానని నా దగ్గరకు వచ్చారు. బీపీకి ఎవరో చెప్పారని ఇంట్లో ఉప్పు మార్చారు, తోటలోని బొండాలు రోజూ కొట్టుకుని తాగుతున్నారు, టెల్మిసార్టాన్ మాత్ర కూడా వేసుకుంటున్నారు. ఆ మాత్ర బీపీకి మంచిదే కానీ పొటాషియంను ఒంట్లో నిలిపి ఉంచుతుంది. రక్తంలో పొటాషియం 6.5 దాటింది, ఈసీజీ మారిపోయింది. వెంటనే పెద్దాసుపత్రికి పంపాము, బతికి బయటపడ్డారు. ఆయన చేసినవన్నీ విడివిడిగా చూస్తే ఎవరో ఒకరు మంచిదని చెప్పేవే. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనాలప్రిల్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వేసుకునే వారెవరూ డాక్టరును అడగకుండా ఆ ఉప్పు వాడకూడదు.

మీ కిడ్నీలు బాగున్నాయని తేలిందనుకుందాం. అప్పుడు అన్నిటికన్నా ముందు పట్టుకోవలసింది ఉప్పు. మన తిండిలో ఉప్పు ఎక్కువగా వచ్చేది మన గిన్నెల్లోంచే, ప్యాకెట్ తిండి సంగతి ఆ తర్వాత. రోజుకు మనిషికి 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే తలగొట్టిన చిన్న టీస్పూను కన్నా తక్కువ. ఆ మాట ఎవరికి చెప్పినా "మేము అసలు ఉప్పే తినమండీ" అంటారు. అందుకని నేను వాళ్ళతో వాదించడం మానేసి ఒక చిన్న పని చెబుతాను. కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజున దానిమీద పెన్నుతో తేదీ వేయండి. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళు ఉంటే, మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. అది 25 రోజుల్లో అయిపోతే ఒక్కొక్కరు పది గ్రాములు తింటున్నట్టు. చేపలు కడగడానికి వాడిన ఉప్పునూ ఊరగాయకు వేరుగా తెచ్చిన ఉప్పునూ ఇందులో కలపకండి, కానీ బయట తినే టిఫిన్లూ ఊరగాయలూ అదనమని గుర్తుంచుకోండి. ఆమదాలవలసలో ఉండే ఒక రిటైర్డ్ ఉద్యోగి దంపతులు, ఇద్దరే మనుషులు, కిలో ప్యాకెట్ నెల్లాళ్ళకే ఖాళీ అయిందని తేదీ చూపించి తామే ఆశ్చర్యపోయారు. ఆవిడ కూరలో ఉప్పు తక్కువే వేస్తారు, అది నిజం. అన్నం వండేటప్పుడు ఎసట్లో ఒక చిటికెడు, మజ్జిగలో ఒక చిటికెడు, ఉదయం చద్దన్నంలో ఒక చిటికెడు, పెరుగన్నంలో నంజుకోవడానికి ఊరమిరపకాయ. ఎసట్లో ఉప్పు మానేయడంతోనే వాళ్ళకు చాలా తేడా వచ్చింది.

ఆవకాయలో ఉప్పు తగ్గించి పట్టమని ఎవరైనా చెబితే వినకండి, ఊరగాయ బూజు పడుతుంది. ఊరగాయ ఎలా పట్టాలో అలాగే పట్టి, తినే ముక్కలు తగ్గించడమే మార్గం. ఎండుచేపలు మన తీరప్రాంతంలో మానలేరు, నాకు తెలుసు. వండే ముందు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కూరలో విడిగా ఉప్పు వేయకుండా, వారానికి ఒకసారికి పరిమితం చేసుకోండి. అప్పడాలు, వడియాలు, మిక్చరు, బేకరీ సరుకు, హోటల్ చట్నీలు, ఉప్పు పట్టించి వేయించిన జీడిపప్పు కూడా ఈ ఖాతాలోకే వస్తాయి. వంటసోడాలోనూ సోడియమే ఉంటుంది, బజ్జీల పిండిలో అది వేరే దారిన చేరుతుంది. సైంధవ లవణం, నల్లుప్పు, కళ్ళుప్పు వాడితే బీపీ రాదని నమ్మేవారు చాలామంది ఉన్నారు. అవన్నీ ప్రధానంగా సోడియం క్లోరైడే, పైగా వాటిలో చాలావాటికి అయోడిన్ కలపరు. మొదటి వారం కూర చప్పగా అనిపిస్తుంది, కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది. ఒక్కసారిగా మానేయకుండా వారం వారం కొద్దికొద్దిగా తగ్గిస్తే ఇంట్లో గొడవ కూడా ఉండదు. మన వైపు ఆవ పెట్టిన పనసపొట్టు కూర, నువ్వుల పొడి చల్లిన వేపుడు, చింతపండు పులుసు ఉన్నాయి కదా, ఆవఘాటూ పులుపూ ఉన్నచోట ఉప్పు తక్కువైనా నోటికి పెద్దగా తెలియదు. రోజుకు నాలుగైదు గ్రాముల ఉప్పు తగ్గిస్తే బీపీ ఉన్నవారికి పై అంకె సగటున సుమారు 5 పాయింట్లు తగ్గుతుందని పరిశోధనల సారాంశం. వయసు మీరినవారిలో ఈ ఫలితం ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది.

ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవారికి ఒక హెచ్చరిక. ఉప్పు తగ్గించడమంటే పూర్తిగా మానేయడం కాదు. వేసవిలో చెమటోడ్చి, నీళ్ళు మాత్రమే తాగుతూ, ఉప్పు అసలు ముట్టని వృద్ధులు రక్తంలో సోడియం పడిపోయి మతి తప్పి ఆసుపత్రికి వస్తారు. బీపీకి నీళ్ళమాత్ర, అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర, వేసుకునేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఉప్పు తర్వాత మొత్తం కంచం సంగతి. అమెరికాలో 1997లో ప్రచురించిన డ్యాష్ అనే ఆహార పరిశోధనలో 459 మందికి ఎనిమిది వారాలు భోజనం పెట్టి చూశారు. ఉప్పునూ బరువునూ మార్చకుండా, కూరగాయలు, పండ్లు, పప్పులు, గింజలు, వెన్న తీసిన పాల పదార్థాలు పెంచి, కొవ్వూ తీపీ తగ్గిస్తే, బీపీ ఉన్నవారిలో పై అంకె 11 పాయింట్లు, కింది అంకె 5 పాయింట్లు తగ్గాయి. ఒక మాత్ర చేసే పనికి అది దాదాపు సమానం. ఆ జాబితాను యథాతథంగా మన ఇళ్ళలోకి తెచ్చుకోవలసిన పని లేదు. తోటకూర, బచ్చలి, మునగాకు, ఆనపకాయ, బీరకాయ, పెసలు, ఉలవలు, చోడి (రాగి) అంబలి, వెన్న తీసిన మజ్జిగ, ఉప్పు లేని జీడిపప్పు గుప్పెడు, జామ, బొప్పాయి చాలు. మన కంచంలో అన్నం కొండలా ఉండి కూర పక్కన తిలకంలా ఉంటుంది, దాన్ని తలకిందులు చేయాలి. ఇందులోని చాలా పదార్థాల్లో పొటాషియం ఎక్కువ కాబట్టి, కిడ్నీ పరీక్ష అయ్యాకనే ఇది కూడా.

మీ ఎత్తుకు 78 కిలోలు కొంచెం ఎక్కువే. కిలో తగ్గితే పై అంకె ఉజ్జాయింపుగా ఒక పాయింటు తగ్గుతుంది, ఆరు కిలోలు తగ్గడం మీకు అసాధ్యం కాదు. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్ల లోపుకు తెచ్చుకోవడం లక్ష్యంగా పెట్టుకోండి. రాత్రి అన్నం సగానికి తగ్గించి, స్టాఫ్ రూములో టీలోకి చక్కెర మానేయడం దగ్గర మొదలుపెట్టవచ్చు.

వ్యాయామం విషయంలో మీకు చెప్పడానికి ఒక సరదా విషయం ఉంది. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత కానీ పాట పాడలేనంత వేగంతో నడవమని అందరికీ చెబుతాము. మీ విజయనగరం కోట చుట్టూ నడిచినా, అయోధ్యా మైదానంలో నడిచినా ఫలితం ఒకటే, పై అంకె నాలుగైదు పాయింట్లు తగ్గుతుంది. కానీ 2023లో 270 పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, కదలకుండా కండరాలను బిగించి ఉంచే వ్యాయామాలు అన్నిటికన్నా ఎక్కువగా, సగటున 8/4 పాయింట్లు తగ్గించాయని తేలింది. వాటిలో ముఖ్యమైనది మీరు పిల్లలకు వేసే గోడకుర్చీయే. వీపు గోడకు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి రెండు నిమిషాలు, రెండు నిమిషాల విరామం, ఇలా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. మొదట్లో రెండు నిమిషాలు నిలవలేరు, మోకాళ్ళు తక్కువగా వంచి, అర నిమిషంతో మొదలుపెట్టండి. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు, బిగపడితే ఆ క్షణంలో బీపీ బాగా పెరుగుతుంది. అందుకే 160/100 దాటినవారికీ, గుండె జబ్బు ఉన్నవారికీ, మోకాళ్ళ నొప్పులవారికీ దీన్ని డాక్టరును అడగకుండా చేయవద్దంటాను. ఈ పరిశోధనల్లో చాలావరకు చిన్నవి, కాబట్టి నడకను మాని దీన్నే నమ్ముకోవడం కూడా సరి కాదు.

ప్రాణాయామం గురించి ప్రతివారూ అడుగుతారు. నిమిషానికి ఆరుసార్లు చొప్పున నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం రోజూ పది పదిహేను నిమిషాలు చేస్తే కొద్ది పాయింట్లు తగ్గుతుంది. ఖర్చు లేదు, హాని లేదు, చేయండి. దాన్నొక్కదాన్నే పట్టుకుని ఊరగాయ జాడీ దగ్గర మాత్రం మారనివారిని చాలామందిని చూశాను. వెల్లుల్లి, మందార టీ కూడా ఇదే కోవలోకి వస్తాయి.

బీపీని పెంచేవాటిని మానడం కూడా మందు లేని చికిత్సే, దీన్ని ఎవరూ పట్టించుకోరు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి బీపీ పెంచుతాయి, కిడ్నీలకూ చేటు చేస్తాయి. పొలం పనులు చేసి ఒళ్ళు నొప్పులని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం మన వైపు మామూలు సంగతి. ఆ అలవాటు ఆపించగానే కొందరికి బీపీ మాత్ర డోసు తగ్గించగలిగాము. జలుబుకు వాడే ఫినైలెఫ్రిన్ ఉన్న మాత్రలు, గ్యాస్‌కు నీళ్ళలో పొంగించుకుని తాగే సోడా పొడులు, స్టెరాయిడ్లు, అతిమధురం ఎక్కువగా ఉన్న కషాయాలు కూడా అంకెను పెంచుతాయి. మీరు వాడే మందులన్నీ, ఆయుర్వేదంతో సహా, ఒక కాగితంమీద రాసి డాక్టరుకు చూపించండి.

మద్యం రోజూ తాగేవారు సగానికి తగ్గిస్తేనే తేడా కనబడుతుంది. తాటికల్లు అయినా, సీసా మందు అయినా లెక్క అందులోని ఆల్కహాలుదే. పొగాకు మానితే బీపీ అంకె పెద్దగా మారకపోవచ్చు, కానీ గుండెపోటు, పక్షవాతం ముప్పు బాగా తగ్గుతుంది. తీరం వెంబడి పెద్దావిడల్లో చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది, దానివల్ల నోటి క్యాన్సర్ ప్రమాదం కూడా తోడవుతుంది.

నిద్ర విషయం మీ ఇంట్లో వారిని అడగండి. మీరు పెద్దగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తూ, పగలు క్లాసులో కునికిపాట్లు పడుతుంటే అది స్లీప్ అప్నియా కావచ్చు, అది ఉన్నంతకాలం మిగతా ప్రయత్నాలు సగమే ఫలిస్తాయి. నెల్లిమర్ల నుంచి వచ్చే ఒకాయనకు మూడు రకాల మాత్రలు వేసినా బీపీ దిగలేదు. ఆయన గురక గురించి చెప్పినది ఆయన భార్యే. నిద్ర పరీక్ష చేయించి, ఊపిరి యంత్రం పెట్టి, బరువు తగ్గించాక మాత్రలు రెండుకు వచ్చాయి.

పైన చెప్పిన పాయింట్లన్నీ కూడి 30 తగ్గుతుందని లెక్క వేసుకోకండి, ఇవి పూర్తిగా ఒకదానిమీద ఒకటి చేరవు. ఉప్పు, కంచం, బరువు, నడక నాలుగూ కలిసి మీ 148ని 130ల్లోకి తేగలిగితే బాగా చేసినట్టే. మూడు నెలల తర్వాత మళ్ళీ ఏడు రోజుల సగటు తీయండి. అది 135/85 కిందికి దిగకపోతే, ఎక్కువలో ఎక్కువ ఆరు నెలల వరకు చూసి మాత్ర మొదలుపెట్టండి. మధ్యలో ఎప్పుడైనా సగటు 160/100 దాటినా, కిడ్నీ పరీక్షలోనో ఈసీజీలోనో తేడా కనిపించినా ఆగకూడదు. అంకె 180/120 దాటి, దాంతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసక, మాట తడబాటు, ఒక వైపు చెయ్యీ కాలూ చచ్చుబడడం వంటివి ఉంటే ఇంటి వైద్యం ఏదీ చేయకుండా 108కి ఫోను చేయండి.

మాత్ర మొదలుపెడితే జీవితాంతం వదలదన్న భయం గురించి. బీపీ మాత్రకు ఒళ్ళు అలవాటుపడదు. మానేస్తే మళ్ళీ పెరిగేది, మీలో ఆ స్వభావం అలాగే ఉండడం వల్ల. బరువు తగ్గి, ఉప్పు తగ్గించినవారికి డోసు తగ్గించడమూ, కొందరికి పర్యవేక్షణలో ఆపడమూ మేము చేస్తూనే ఉంటాము. భయంతో మాత్రను అయిదారేళ్ళు వాయిదా వేసి, చివరికి పక్షవాతంతో వచ్చినవాళ్ళను కూడా చూస్తూనే ఉంటాము.

మీ అమ్మగారు ఇప్పుడు వేసుకునే మాత్రలు మానకూడదు. అటెనలాల్, మెటోప్రొలాల్, క్లోనిడిన్ వంటివి హఠాత్తుగా ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఆవిడకు ఉప్పు తగ్గించడం, ఓపికకు తగిన నడక మేలే చేస్తాయి. ఆ తర్వాత బీపీ 110కి దిగినా, లేచి నిలబడగానే కళ్ళు తిరిగినా మాత్ర తగ్గించాల్సింది డాక్టరే. ఆవిడ ఉంటున్నది కవిటిలో కనుక క్రియాటినిన్, పొటాషియం ఆరు నెలలకు ఒకసారి చూపించండి, మోకాళ్ళ నొప్పులకు ఏ మాత్ర వేసుకుంటున్నారో ఈసారి ఊరు వెళ్ళినప్పుడు ఆ అట్ట తీయించి పేరు చదవండి. అది పైన చెప్పిన రకం నొప్పి మాత్రే అయితే ఆపించి, బదులుగా ఏది వాడవచ్చో ఆవిడను చూసే డాక్టరును అడగండి. ఇంట్లో బొండాలు దించినప్పుడు ఆవిడకు ఇవ్వవచ్చో లేదో కూడా ఆ పొటాషియం అంకె చూశాకనే తేల్చుకోండి.